దారి తప్పిన అచ్చు: డి.టి.పి. పత్రాలలో పరాయి స్టైళ్లు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంకలనాన్నో, విభాగం వార్షిక సంచికనో కంప్యూటరులో కూర్చిన వారందరికీ ఒక చిక్కు పరిచయమైనదే. పుటలన్నీ ఒకే తీరుగా ఉన్నాయనుకొన్న తరువాత ఎక్కడో ఒక పేరా కొంచెం చిన్న అక్షరాలతోనో, మరో ఫాంటులోనో, పంక్తుల నడుమ ఎక్కువ ఎడంతోనో కనిపిస్తుంది. దాన్ని సరిచేస్తే ఇంకొక చోట ఇంకొకటి తలెత్తుతుంది. స్టైళ్ల జాబితా తెరిచి చూస్తే కూర్చినవారు పెట్టని పేర్లు పదులకొద్దీ ఉంటాయి. ఇలా పిలవకుండా వచ్చి పత్రంలో చేరినవాటిని ఈ వ్యాసంలో 'పరాయి స్టైళ్లు' అంటున్నాం. సాహిత్య విమర్శలోని శైలితో దీనికి సంబంధం లేదు. అక్షరం ముఖం, పరిమాణం, పేరా అంచు, పంక్తుల ఎడం మొదలైన లక్షణాలన్నిటికీ కలిపి పెట్టిన ఒక పేరు మాత్రమే ఇక్కడ స్టైలు.

సాధారణంగా దీన్ని ఒక సాంకేతికమైన చికాకుగా భావించి, ఆకృతులన్నిటినీ తుడిచివేసే ఒక్క ఆజ్ఞతో వదిలించుకోవటం జరుగుతున్నది. ఇంగ్లీషు పత్రాలకు ఆ పద్ధతి చాలావరకు చెల్లుతుంది. తెలుగు పత్రాలకు, ముఖ్యంగా 1990లలోను, 2000ల తొలి సంవత్సరాలలోను తయారైనవాటికి చెల్లదు. ఆ కాలపు ఫైళ్లలో స్టైలును తుడిస్తే అలంకారంతోపాటు అక్షరం కూడా పోతుంది. ఈ స్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే అచ్చు చరిత్రను కొంత వెనుకనుంచి చూడాలి. రాష్ట్రేతర ప్రాంతాల తెలుగు విద్యార్థులకు ఈ పరిశీలన మరింత అవసరం. మన పత్రాలలో తెలుగు ఒంటరిగా ఉండదు. దాని పక్కన కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, యానాంలోనైతే ఫ్రెంచో ఉంటుంది.

1. సీసపు అక్షరాల కాలం

తెలుగు అచ్చు తెలుగునేలకు వెలుపలనే కళ్లు తెరిచింది. బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు 1746-47లో జర్మనీలోని హాలే నగరంలో అచ్చయ్యాయి. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో బెంగాలులోని శ్రీరామపురంలోను, ఎ.డి. కాంప్‌బెల్ వ్యాకరణం 1816లో మద్రాసులోను వెలువడ్డాయి. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో ముద్రణాలయాన్ని నెలకొల్పినది మద్రాసులోనే. కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్రపత్రిక'ను 1908లో ప్రారంభించినది బొంబాయిలో. అది దినపత్రికగా మద్రాసు చేరినది 1914లో. ఈ నగరాలలో పలు భాషలవారు కలిసి బతికారు. ఒకే అచ్చుకూటంలో రెండు మూడు లిపుల టైపు కేసులు పక్కపక్కన ఉండటం అక్కడ వింత కాదు.

చేతి కంపోజింగులో ప్రతి అక్షరమూ ఒక సీసపు ముక్క. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిసి కేసులో వందల గళ్లు కావాలి. కంపోజిటర్ ఆ గళ్లలోనుంచి అక్షరాలు ఏరి స్టిక్కులో పేర్చి, గ్యాలీకి ఎక్కించి, ప్రూఫు తీసి, దిద్దుబాట్లు అయ్యాక ఫారం బిగించేవాడు. అచ్చు ముగిసిన తరువాత ఆ అక్షరాలనే విడదీసి తిరిగి ఎవరి గడిలో వాటిని వేయాలి. దీన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవారు. ఈ దశలో పొరపాటున ఒక ముఖానికి చెందిన 'క'ను మరో ముఖపు 'క' గడిలో వేస్తే అప్పటికి ఎవరికీ తెలియదు. తరువాతి పుస్తకం కూర్చేటప్పుడు ఆ అక్షరం పంక్తి మధ్యలో తేలుతుంది. ప్రూఫులు దిద్దేవారు దాని పక్కన 'రాంగ్ ఫౌంట్' అనే అర్థంలో డబ్ల్యు.ఎఫ్. అని రాసేవారు.

నేటి పరాయి స్టైలుకు పూర్వరూపం ఇదే. ఇందులో మూడు అంశాలు గమనార్హం. మొదటిది, తప్పు ఈ పుస్తకంలో పుట్టలేదు; ఇంతకుముందు చేసిన పనినుంచి వచ్చింది. రెండవది, దాన్ని పట్టుకొనేది ప్రూఫు చూసే కన్ను. మూడవది అన్నిటికంటె ముఖ్యం: ముఖం మారినా అక్షరం మారలేదు. పరాయి ముఖంలో ఉన్న 'క'ను కూడా పాఠకుడు 'క' అనే చదువుతాడు.

ముఖం మారిన చోటల్లా తప్పు ఉన్నదని కూడా అనుకోరాదు. సి.పి. బ్రౌన్ 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువువంటి గ్రంథంలో తెలుగు టైపు ఒక పని చేస్తుంది, రోమన్ టైపు మరో పని చేస్తుంది. ఏది ఆరోపం, ఏది అర్థం అనేది అచ్చు తీరే చెబుతుంది. కాబట్టి అచ్చులో రెండు రకాల భేదాలు ఉన్నాయి: అర్థం కోసం చేసిన భేదం, అజాగ్రత్తవల్ల వచ్చిన భేదం. పరాయి స్టైళ్ల సమస్య అంతా ఈ రెండింటినీ వేరుచేయటంలోనే ఉన్నది.

2. స్టైలు అనే భావన పుట్టుక

లోహపు అచ్చులో పుస్తకపు రూపం కంపోజిటర్ తలలో ఉండేది. శీర్షిక ఇన్ని పాయింట్లు, మూలం ఇన్ని, అధస్సూచిక ఇన్ని అని పనికి ముందు నిర్ణయించుకొనేవారు. కంప్యూటర్లు వచ్చాక ఈ నిర్ణయాన్ని ఎక్కడ రాసి ఉంచాలనే ప్రశ్న ఎదురైంది. రచన వేరు, దాని ఆకృతి వేరు అనే వాదం 1960ల చివర బలపడింది. ఐ.బి.ఎం. సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ 1969నుంచి చేసిన కృషి ఫలితంగా, 'ఇది శీర్షిక', 'ఇది ఉదాహరణ' అని రచనలోని భాగాలకు పేర్లు పెట్టే పద్ధతి ఏర్పడింది. దాని తరువాతి రూపమైన ఎస్.జి.ఎం.ఎల్. 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

దాదాపు అదే సమయంలో బల్లమీద పెట్టుకొనే చిన్న కంప్యూటర్లకు పుస్తకాలు కూర్చే శక్తి వచ్చింది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ భాష, ఆల్డస్ పేజ్‌మేకర్ కలిసి ఈ మార్పు తెచ్చాయి. 'డెస్క్‌టాప్ పబ్లిషింగ్' అనే పేరు పెట్టినది ఆల్డస్ స్థాపకుడు పాల్ బ్రెయినర్డ్. 1986లో వచ్చిన వెంచురా పబ్లిషర్‌లో ప్రతి పేరాకు ఒక ట్యాగు తప్పనిసరి. పేజ్‌మేకర్ మొదట పుటను ఒక బల్లలా భావించి, ముక్కలు అతికించే చిత్రకారుడి పద్ధతిని అనుసరించింది. స్టైళ్లు దానికి తరువాత చేరాయి. ఒకటి పేరుతో నడిచే మార్గం, రెండవది చేతితో నడిచే మార్గం. నేటి సాఫ్ట్‌వేర్లన్నీ ఈ రెండింటినీ ఒకేసారి అనుమతిస్తాయి. పేరాకు స్టైలు పెట్టవచ్చు. దానిమీద చేతితో ఫాంటూ పరిమాణమూ మార్చనూ వచ్చు. పరాయి స్టైళ్లకు మూలం ఈ ద్వైధీభావమే.

అందుకే పేజ్‌మేకర్ తన స్టైళ్ల పట్టికలో రెండు గుర్తులు పెట్టింది. పేరు పక్కన కూడిక గుర్తు ఉంటే ఆ పేరాలో చేతి మార్పు జరిగిందని అర్థం. నక్షత్రం గుర్తు ఉంటే ఆ స్టైలు వేరే వర్డ్ ప్రాసెసర్ ఫైలుతో వచ్చిందని అర్థం. 1994లో ఆల్డస్‌ను అడోబీ తీసుకొన్నది. 1999లో ఇన్‌డిజైన్ వచ్చింది. కూడిక గుర్తు అందులోనూ కొనసాగింది. నక్షత్రం స్థానంలో చిన్న ఫ్లాపీ బొమ్మ వచ్చింది. ఫ్లాపీలు పోయినా ఆ బొమ్మ పోలేదు. ఈ గుర్తులు చదవటం వస్తే పరాయి స్టైలు ఏ దారిన వచ్చిందో సగం తెలిసినట్లే.

3. తెలుగు ప్రత్యేకత: ఫాంటే లిపి అయిన కాలం

ఆనాటి కంప్యూటరు ఒక ఫాంటుకు 256 స్థానాలకు మించి ఇవ్వలేదు. వాటిలో మొదటి సగం ఇంగ్లీషుకు పోయింది. ఈ పరిమితిలో తెలుగును ఇమిడ్చేందుకు మన దేశంలో రెండు మార్గాలు అనుసరించారు.

మొదటిది ఇస్కీ మార్గం. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై పుణెలోని సి-డాక్‌లో కొనసాగిన కృషికి ఇది ఫలం. 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడింది. బ్రాహ్మీ లిపినుంచి పుట్టిన మన లిపులన్నిటికీ ఇందులో ఒకే సంకేతపట్టిక. 'క' అనే ధ్వనికి తెలుగులోను, కన్నడంలోను, ఒడియాలోను సంఖ్య ఒక్కటే. దాన్ని ఏ లిపిలో చూపాలో చెప్పేందుకు వేరే గుణసంకేతం ఉంటుంది. బొద్దు అక్షరాన్ని, వాలు అక్షరాన్ని సూచించేది కూడా ఆ జాతి సంకేతమే. అంటే 'ఇది తెలుగు' అనే విషయమూ, 'ఇది బొద్దుగా ఉండాలి' అనే విషయమూ ఒకే తరగతిలో ఉన్నాయి. గుణసంకేతం జారిపోతే తెలుగు పద్యం కన్నడ లిపిలో దర్శనమిస్తుంది. ధ్వని మాత్రం చెడదు.

రెండవది ఫాంటు మార్గం. డి.టి.పి. కేంద్రాలలో ఎక్కువగా వాడుకలోకి వచ్చినది ఇదే. తెలుగు అక్షరాన్ని తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అనే ముక్కలుగా విడదీసి, ఆ ముక్కలను రోమన్ అక్షరాల స్థానాలలో కూర్చారు. హైదరాబాదు వైపు అను, పుణెనుంచి శ్రీలిపి మొదలైనవి ఇలా ప్రచారం పొందాయి. ఒక్కొక్క సంస్థ అమరిక ఒక్కొక్క తీరు. ఈ ఫైళ్లలో నిజానికి తెలుగు లేదు. రోమన్ సంకేతాల వరుస ఉన్నది. ఫాంటు పేరు మాత్రమే ఆ వరుసను తెలుగుగా చూపిస్తున్నది. సీసపు కాలంలో ముఖం మారినా 'క' అనేది 'క'గానే మిగిలేది. ఇక్కడ ముఖం తీస్తే 'క' అన్నదే లేదు.

దీని పర్యవసానాలు పలు విధాలు. వర్డ్‌లో కంట్రోల్, స్పేస్ మీటలు కలిపి నొక్కితే ఎంచిన భాగంలో చేతితో పెట్టిన అక్షర లక్షణాలు పోయి పేరా స్టైలు తిరిగి వస్తుంది. పేరా స్టైలు ఫాంటు టైమ్స్ అయితే తెలుగు వాక్యం క్షణంలో అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు అవుతుంది. శీర్షిక స్టైలులో 'ఆల్ క్యాప్స్' అనే గుణం ఉంటే రోమన్ చిన్నబడి అక్షరం స్థానంలో పెద్దబడి అక్షరం కనిపిస్తుంది. తెలుగు ఫాంటులో ఆ రెండు స్థానాలలో రెండు వేరు ముక్కలు ఉంటాయి గనుక శీర్షికలోని అక్షరాలే మారిపోతాయి. వాక్యం మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దబడిగా మార్చే ఆటోకరెక్ట్ కూడా ఇదే పని చేస్తుంది. ఇంగ్లీషు హైఫనేషన్ ఉన్న స్టైలు తెలుగు పేరాకు తగిలితే పదం ఎక్కడపడితే అక్కడ విరిగి, అక్షరం ఒక పంక్తిలో, దాని ఒత్తు తరువాతి పంక్తిలో పడుతుంది. ఇవన్నీ టైపు చేసినవారి అక్షరదోషాలుగా కనిపిస్తాయి గాని నిజానికి స్టైలు దోషాలు.

ఇదే కాలంలో భిన్నమైన దారి తొక్కినవారు కూడా ఉన్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న తెలుగు విద్యార్థులు 1990ల తొలినాళ్లలో రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించారు. కంటికి అది అందంగా ఉండదు. అయితే అందులోని తెలుగు ఏ ఫాంటుమీదా ఆధారపడలేదు. అందువల్ల ఆ పద్ధతిలో రాసిన పాఠాన్ని నేడు కూడా సులభంగా లిపిలోకి మార్చుకోవచ్చు. దేశానికి దూరంగా ఉన్న విద్యార్థుల అవసరం పుట్టించిన ఈ మార్గం, అందమైన ఫాంటులో కూర్చిన పలు పత్రికల ఫైళ్లకంటె ఎక్కువ కాలం నిలిచిందనటం అతిశయోక్తి కాదు.

4. ఇరుగుపొరుగు లిపులు

రాష్ట్రేతర తెలుగువారి పత్రాలలో ఈ సమస్య రెట్టింపు అవుతుంది. పొరుగు భాషలవారూ ఆ కాలంలో ఫాంటు మార్గమే పట్టారు. కర్ణాటకలో కన్నడ గణక పరిషత్తు 'నుడి' ఫాంట్లు, తమిళనాడులో 1999లో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ సదస్సు తరువాత ట్యాబ్, ట్యామ్ అమరికలు, ఒడిశాలో ఆకృతి ఫాంట్లు, మహారాష్ట్రలో శ్రీలిపి మరాఠీ ఫాంట్లు వ్యాప్తిలో ఉండేవి. ఇవన్నీ వాడుకొన్నవి అవే 256 స్థానాలు. ఒకే సంఖ్య అను ఫాంటులో తెలుగు ముక్క, నుడిలో కన్నడ ముక్క, ఆకృతిలో ఒడియా ముక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. తమిళనాట తెలుగు మాట్లాడే కుటుంబాలలో పలువురు తెలుగు లిపి నేర్వక, తమ పాటలను తమిళ లిపిలోనే రాసుకొంటారు. పరిశోధక విద్యార్థి ఒక పాటను సేకరించి, పాడినవారు రాసి ఇచ్చిన తమిళ లిపి పాఠాన్ని, దాని కింద తన తెలుగు లిప్యంతరాన్ని, చివర ఇంగ్లీషు వివరణను ఒకే పుటలో కూర్చాడనుకొందాం. ఫైలులో ఈ మూడింటికీ ఉన్నవి ఒకే రకం సంకేతాలు. ఎక్కడ తమిళం ఆగి తెలుగు మొదలైందో చెప్పగలిగినది ఆ భాగాలకు అంటిపెట్టుకొన్న ఫాంటు పేరు ఒక్కటే. తరువాత ఎవరో ఆ ఫైలును 'శుభ్రం' చేసే ఉద్దేశంతో ఆకృతులన్నీ తీసివేసి వట్టి పాఠంగా భద్రపరిస్తే, మూడు భాషల సరిహద్దులూ ఒకేసారి చెరిగిపోతాయి. యూనికోడ్‌లోకి మార్చే పరికరానికి ఇచ్చినా అది ఇంగ్లీషు వివరణను కూడా తెలుగు ముక్కలుగా భావించి మారుస్తుంది. పాడిన వ్యక్తి ఇప్పుడు లేకపోతే ఆ పాఠాన్ని తిరిగి సేకరించే అవకాశమూ ఉండదు.

యానాం పత్రాలలో చిక్కు మరొక రకం. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊరి చరిత్ర రాసేటప్పుడు ఫ్రెంచి పదాలు, పేర్లు తప్పవు. ఫ్రెంచి స్వరాక్షరాలమీద పెట్టే గీతల అక్షరాలు పట్టికలో రెండవ సగంలో ఉంటాయి. మొనగీత ఉన్న 'ఇ' స్థానం 233. తెలుగు ఫాంట్లు తమ ముక్కలను ఆ సగంలో కూడా దాచుకొన్నాయి. ఫ్రెంచి పదానికి పెట్టిన రోమన్ ఫాంటు జారిపోతే మొత్తం పదం చెడుతుంది. మళ్లీ ఫాంటు పెట్టేవారికి అది ఫ్రెంచి అని తెలియకపోతే అది తెలుగు అక్షరదోషంగానే మిగిలిపోతుంది.

కోలారు, హోసూరు, బరంపురం, పర్లాకిమిడి, షోలాపురం - ఎక్కడి తెలుగు సంఘాల పాత సంచికలు తెరిచినా ఇటువంటి మిశ్రమం కనిపిస్తుంది. అందువల్ల మన పత్రాలలో 'పరాయి'గా కనిపించే స్టైలు కొన్నిసార్లు పరాయిది కాదు. ఇక్కడ మరో భాష ఉన్నదని చెప్పే ఏకైక సాక్ష్యం అది.

5. యూనికోడ్ తరువాత

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకు ప్రత్యేక స్థానాలు లభించాయి. సామాన్య వాడుకలోకి అది వచ్చినది 2001లో విండోస్ ఎక్స్‌పి, దానితో గౌతమి ఫాంటు వచ్చిన తరువాతనే. పుస్తకాల కూర్పుకు ఇంకా ఆలస్యమైంది; ఇన్‌డిజైన్ తెలుగును సొంతంగా సరిగా కూర్చగలిగినది 2012లో వచ్చిన సి.ఎస్.6 రూపంనుంచి. యూనికోడ్‌లో తెలుగు 'క' వేరు, కన్నడ 'క' వేరు, రోమన్ అక్షరం వేరు. స్టైలు తీసివేసినా భాష పోదు. సీసపు కాలంలో ఉన్న భద్రత ఇలా మళ్లీ లభించింది.

అయినా పరాయి స్టైళ్లు పోలేదు, రూపం మార్చుకొన్నాయి. వాటిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది జంట లక్షణాలు. వర్డ్‌లో ప్రతి స్టైలుకు రోమన్ లిపి ఫాంటు ఒకటి, 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' ఫాంటు మరొకటి ఉంటాయి. పరిమాణం, బొద్దు గుణం కూడా వేర్వేరుగా ఉంటాయి. తెలుగు రెండవ వర్గంలో చేరుతుంది. ఒక స్టైలులో రోమన్ పరిమాణం 12 అని మార్చి ఊరుకొంటే తెలుగు పాత పరిమాణంలోనే నిలిచిపోతుంది. మార్పు ఎందుకు కనిపించలేదో తెలియక పేరా పేరాకూ చేతితో పరిమాణం మార్చటం మొదలవుతుంది. పత్రమంతా చేతి మార్పులతో నిండుతుంది.

రెండవది కంపోజర్ భేదం. ఇన్‌డిజైన్‌లో తెలుగు పేరాకు 'వరల్డ్ రెడీ' కంపోజర్ ఉండాలి. పాత పత్రంనుంచి వచ్చిన స్టైలులో సాధారణ కంపోజర్ ఉంటే ఒత్తులు కిందికి చేరక పొల్లుతో విడివిడిగా నిలబడతాయి. ఇది ఫాంటు దోషంగా కనిపిస్తుంది. ఫాంటు మార్చినా పోదు, కంపోజర్ మారిస్తేనే పోతుంది.

మూడవది అరువు ముఖం. ఎంచిన ఫాంటులో ఒక అక్షరం లేకపోతే వర్డ్ వంటి ప్రోగ్రాములు మరో ఫాంటునుంచి దాన్ని తెచ్చి చూపుతాయి. మాండలికాలు నమోదు చేసేవారికి అవసరమైన దంత్య ౘ, ౙలు యూనికోడ్‌లో చేరినది 2008లో. నకారపు పొల్లుకు ప్రత్యేక స్థానం దొరికినది 2021లో. పాత ఫాంట్లలో ఇవి ఉండవు. 'ౘలి', 'ౙడ' వంటి మాటలలో మొదటి అక్షరం మాత్రం వేరే ముఖంతో కనిపిస్తే స్టైలును నిందించి లాభం లేదు. ఆ అక్షరం ఉన్న ఫాంటును వెతుక్కోవాలి.

నాలుగవది కనిపించని అక్షరం. 'పేజ్‌మేకర్‌లో' అని రాసేటప్పుడు పొల్లు నిలబడేందుకు మధ్యలో వెడల్పులేని ఒక విడదీత సంకేతం ఉంచుతాం. వేరే పత్రంనుంచి వచ్చిన చెత్తను తొలగించే ఉద్దేశంతో కనిపించని సంకేతాలన్నిటినీ ఒకేసారి తీసివేస్తే ఆ మాట 'పేజ్మేకర్లో' అయి కూర్చుంటుంది.

6. సవరణ క్రమం

పై చరిత్రనుంచి ఒక క్రమం సహజంగా తేలుతుంది. దాన్ని సంక్షిప్తంగా సూచించవచ్చు.

ముందుగా మూల ఫైలును ముట్టుకోకుండా ప్రతి తీసుకోవాలి. దానితోపాటు అప్పటి అచ్చు ప్రతినో, కనీసం దాని పి.డి.ఎఫ్.నో పక్కన ఉంచుకోవాలి. సందేహం వచ్చిన చోట తీర్పు చెప్పవలసినది ఆ కాగితమే.

తరువాత పత్రంలో ఏయే ఫాంట్లు ఉన్నాయో జాబితా రాసుకోవాలి. ఇన్‌డిజైన్‌లో 'ఫైండ్ ఫాంట్' ఈ పని చేస్తుంది. వర్డ్‌లో ఫాంటు పేరుతో వెతికే వీలు ఉన్నది. జాబితాలోని ప్రతి ఫాంటు ఎదుట అది ఏ లిపిదో రాయాలి. జాబితాలో ఉండి పుటలో ఎక్కడా కనిపించని ఫాంటు సాధారణంగా ఒక ఖాళీ పేరాలోనో, రెండు మాటల మధ్య ఉన్న ఖాళీలోనో దాగి ఉంటుంది. దాన్ని నిశ్చింతగా తీసివేయవచ్చు.

మూడవ దశలో, పాత ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. ఒక్కొక్క ఫాంటు భాగాన్ని వేరుగా ఎంచి, దానికి తగిన పరికరంతోనే మార్చాలి. స్టైళ్లను తుడవటం ఈ దశ ముగియకముందు చేయరాదు. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలా నష్టం తప్పుతుంది.

నాలుగవ దశ, పేర్లు పెట్టటం. శీర్షిక, మూలం, పద్యం, ఉదాహరణ, అధస్సూచిక అనే కొద్ది పేరా స్టైళ్లు చాలు. కన్నడ మాటలకు ఒకటి, ఫ్రెంచి మాటలకు ఒకటి చొప్పున అక్షర స్టైళ్లు పెట్టుకోవాలి. 'బొద్దు 14' వంటి పేర్లు పెట్టరాదు. ఆ భాగం ఎలా కనిపిస్తుందో కాక, అది ఏమిటో పేరు చెప్పాలి. వాలు అక్షరాలలో గ్రంథనామాలు ఉంటే, పరాయివాటిని తుడవటానికి ముందే వాటికి 'గ్రంథనామం' అనే అక్షర స్టైలు ఇవ్వాలి.

అయిదవ దశలో మాత్రమే తుడవాలి. కూడిక గుర్తు ఉన్న పేరాలను ఒక్కొక్కటిగా చూసి, చేతి మార్పులో అర్థం లేదని తేలిన తరువాత తీసివేయాలి. పుటలో కనిపించనిది ఇన్‌డిజైన్ స్టోరీ ఎడిటర్‌లో కనిపిస్తుంది. అక్కడ ప్రతి పేరా పక్కన దాని స్టైలు పేరు వరుసగా ఉంటుంది. ఇతరుల ఫైళ్లు దిగుమతి చేసేటప్పుడు వారి స్టైలు పేర్లను మన పేర్లతో జతపరిచే సౌకర్యం ఉన్నది, దాన్ని వాడుకోవాలి. రెండు పత్రాలలో ఒకే పేరు ఉంటే, అతికించినప్పుడు సాధారణంగా చేరిన పత్రంలోని నిర్వచనమే చెల్లుతుందని గుర్తుంచుకోవాలి.

చివరగా, కొత్త సంచికను పాత సంచిక ఫైలుమీద కూర్చే అలవాటు మానాలి. సీసపు అక్షరాలను సరిగా విడదీయని కంపోజిటర్ పనికి ఇది సమానం. శుభ్రమైన ఒక మూసను సిద్ధం చేసుకొని ప్రతి సంచికనూ దానినుంచే మొదలుపెట్టాలి.

ముగింపు

ఇదంతా ఇప్పుడే చేయవలసిన అవసరం ఉన్నది. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 రూపంతో ఆగిపోయింది. దాని ఫైళ్లను తెరవగల శక్తి ఇన్‌డిజైన్‌కు సి.ఎస్.6తోనే ముగిసింది. పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంట్లకు అడోబీ 2023లో మద్దతు నిలిపివేసింది. అంటే 1990ల తెలుగు సంచికల ఫైళ్లను తెరవగల యంత్రాలు రోజురోజుకూ తగ్గుతున్నాయి. తెలుగునాట వెలువడిన గ్రంథానికి మరో ప్రతి మరో గ్రంథాలయంలో దొరకవచ్చు. కోలారులోనో, షోలాపురంలోనో, యానాంలోనో కొద్ది ప్రతులు మాత్రమే వేసిన సంచికకు ఆ ఆశ తక్కువ.

మీ విభాగంలో, మీ ఊరి తెలుగు సంఘంలో అటువంటి ఫైళ్లు ఉంటే వాటి జాబితా తయారుచేయండి. ఏ సాఫ్ట్‌వేరు, ఏ ఫాంటు, ఏ సంవత్సరం, ఏయే లిపులు అనే నాలుగు వివరాలు ప్రతి ఫైలుకూ రాసి ఉంచండి. మార్పిడి పని తరువాత ఎవరైనా చేయగలరు. ఈ నాలుగు వివరాలు చెప్పగలవారు ఇప్పుడు మాత్రమే ఉన్నారు.